ఫిలిమును విడుచు వేళ

ఛాయాచిత్రకళ పుట్టి రెండు వందల సంవత్సరములు కావచ్చినది. ఈ కాలములో ఛాయాగ్రాహకుడు తన చేతనున్న పరికరమును, తాను నేర్చిన విద్యను ఒక్కసారిగా ప్రక్కన పెట్టి క్రొత్తదానిని చేపట్టవలసిన ఘట్టములు మూడో నాలుగో వచ్చినవి. అట్టి ఘట్టము వచ్చిన ప్రతిసారియు అతని ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే. క్రొత్తది మేలైనదా కాదా అన్నది కాదు. మారవలసినది ఎప్పుడు అన్నదే. తొందరపడినవాడు అసంపూర్ణమైన యంత్రమునకు ధనము పోసి నష్టపడును. ఆలసించినవాడు అంగడికి తాళము వేసికొనును. ఫిలిము నుండి డిజిటల్ కెమేరాకు జరిగిన మార్పు ఈ ఘట్టములలో కడపటిది. ఇప్పుడు వెనుదిరిగి చూచువారికి అది ఎంతో సులభమైన నిర్ణయముగా, ముందుగానే వ్రాసి పెట్టియున్న సంగతిగా కనబడుచున్నది. ఆ నిర్ణయము చేయవలసిన వారికి అది అట్లు కనబడలేదు. వారి దృష్టితో ఆ చరిత్రను ఒకసారి పరికింపవలెనని మా ఉద్దేశము.

మొదట మన హైదరాబాదునకు సంబంధించిన ఒక పూర్వగాథ. 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజుపలకపై అప్పటికప్పుడు మందు పోసి, అది ఆరకముందే బొమ్మ తీసి, ఆరకముందే కడుగవలసి ఉండెను. అడవికి పోయినను, కోటపైకి పోయినను ఛాయాగ్రాహకుని వెంట చీకటి డేరా, సీసాలు, నీటి కుండలు, మోయు కూలీలు పోవలసినదే. 1871లో రిచర్డ్ మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్ పూసిన పొడిపలకను సూచించెను. పొడిపలకను నెలల ముందే సిద్ధపరచుకొనవచ్చును, తీసిన తరువాత తీరికగా కడుగుకొనవచ్చును. ఇందూరులో పబ్లిక్ వర్క్సు శాఖ ఉద్యోగిగా నుండి 1870ల నడుమ ఈ విద్య పట్టుకొనిన లాలా దీనదయాళ్, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరణము పొంది, సికిందరాబాదులో స్టూడియో పెట్టి, రాజా దీనదయాళ్ అయిన కాలము సరిగా ఈ తడి పొడి మార్పుల కాలమే. ఆయన 1905లో గతించెను. ఆయన స్టూడియో గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రము 1989లో సేకరించినది. నూరేండ్లు దాటిన ఆ పలకలను నేడును వెలుతురునకు పట్టి చూడవచ్చును. ఈ మాటను మనము గుర్తుంచుకొనవలెను; దీనితో మరల పని యున్నది.

పొడిపలక వ్యాపారముతోనే పైకి వచ్చిన మరియొక మనుష్యుడు అమెరికాలో రోచెస్టరు నగరపు జార్జి ఈస్ట్‌మన్. 1880లో పలకల తయారీ మొదలుపెట్టిన ఆయన, ఆ వ్యాపారము బాగుగా సాగుచుండగనే దానిని తానే వెనుకకు నెట్టు చుట్టఫిలిముపై మనసు పెట్టెను. 1888లో వెలువడిన మొదటి కోడక్ కెమేరాలో నూరు బొమ్మలకు సరిపడు చుట్ట యుండెడిది. వెల 25 డాలర్లు. చుట్ట అయిపోగానే కెమేరాను కెమేరాగానే కర్మాగారమునకు పంపినచో, 10 డాలర్లకు బొమ్మలు అచ్చువేసి, క్రొత్త చుట్ట నింపి తిరిగి పంపెడివారు. మొదటి చుట్టలు కాగితముపై చేసినవి. గాజుపలకంత నిగ్గు వాటికి లేదు. పలక పనివారు నవ్విరి. ఐనను ఈస్ట్‌మన్ వెనుదీయలేదు, ఏలయన ఆయన లెక్క వేరు. పలకను కొనువాడు వృత్తి ఛాయాగ్రాహకుడు. చుట్టను కొనువాడు లోకములోని ప్రతివాడును. ఈ లెక్కను కనిపెట్టిన సంస్థయే నూరేండ్ల తరువాత అట్టి లెక్క ముందు తడబడినదని లోకము చెప్పుకొనును. అది ఎంతవరకు నిజమో చూతము.

1969 అక్టోబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సీసీడీ అను సిలికాన్ బిళ్లను భావన చేసిరి. (2009లో వీరికి భౌతికశాస్త్ర నోబెల్ బహుమానములో భాగము లభించినది.) దాని పని సామ్యముతో చెప్పవచ్చును. వానలో వరుసలు వరుసలుగా బొక్కెనలు పెట్టినట్లు, బిళ్లపై చిన్న చిన్న గదులుండును. వెలుతురు పడిన కొలది ఒక్కొక్క గదిలో విద్యుదావేశము చేరును. వెలుతురు ఆపిన పిమ్మట ఒక బొక్కెన నుండి ప్రక్క బొక్కెనకు ఒంపుచు వరుస చివరకు చేర్చి కొలుతురు. ఆ కొలతలే బొమ్మ. ఫిలిములో జరుగునది ఇది కాదు. అక్కడ వెండి లవణపు రేణువుపై కొన్ని కాంతికణములు పడగానే అది మారుటకు సిద్ధమగును. మందునీటిలో ముంచినప్పుడు నల్లని వెండిగా మారును. ఒకసారి మారిన రేణువు మరల పనికిరాదు. అనగా ఫిలిము పంట వంటిది, సీసీడీ పొలము వంటిది.

1975 డిసెంబరులో కోడక్ సంస్థలోనే, పాతికేండ్ల ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఈ బిళ్లతో ఒక కెమేరా కట్టెను. బరువు మూడున్నర కిలోలకు పైమాట. చిన్న సినీ కెమేరా నుండి తెచ్చిన కటకము, పదునారు బ్యాటరీలు, బొమ్మను దాచుటకు పాటలు వినెడి మామూలు క్యాసెట్టు టేపు. నలుపు తెలుపు బొమ్మ. అడ్డముగా నూరు చుక్కలు, నిలువుగా నూరు, మొత్తము పదివేలు. ఒక బొమ్మను టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెడిది, దానిని చూచుటకు టెలివిజను కావలెను. సంస్థ పెద్దలు అతనిని అడిగిన ముఖ్యమైన ప్రశ్న, మనము ఎత్తుకొన్న ప్రశ్నయే: ఇది ఎప్పుడు ఫిలిముతో పోటీకి వచ్చును? సామాన్యులు మెచ్చవలెనన్న ఇరువది లక్షల చుక్కలు కావలెననియు, సిలికాన్ బిళ్లల సామర్థ్యము పెరుగు వేగమును బట్టి చూడగా పదునైదు నుండి ఇరువది సంవత్సరములు పట్టుననియు సాసన్ లెక్కించి చెప్పెను. 1978లో దీనికి పేటెంటు లభించినది. ఇరువదేండ్లకు, 1995లో, కోడక్ సంస్థ డీసీ-40 అను కెమేరాను సామాన్యుల అంగళ్లకు పంపినది. చుక్కలు ఇంకను నాలుగు లక్షలు దాటలేదు గాని, కాలము విషయములో ఇంజనీరు జోస్యము తప్పలేదనవలెను.

కోడక్ డిజిటల్‌ను కనిపెట్టి బల్లక్రింద దాచినదను కథ బహుళ ప్రచారములో నున్నది. ఆ కథ మాకు అంతగా రుచింపదు. 1976లో అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్, బిళ్లపై ఎరుపు, నీలము, వాటికి రెట్టింపుగా ఆకుపచ్చ జల్లెడ గళ్లు అమర్చి రంగును పట్టు ఉపాయమునకు పేటెంటు పొందెను. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువ సూక్ష్మముగా గుర్తించుటయే ఆ రెట్టింపునకు కారణము. నేటి కెమేరాలలో అధిక భాగము ఆ గళ్లతోనే పని చేయుచున్నవి. 1981లో సోనీ సంస్థ మావికా అను ఫిలిము లేని కెమేరాను చూపగా, కోడక్ విపణి పరిశోధనాధికారి విన్స్ బరాబా అధ్యయనము జరిపి, ఫిలిమునకు ముప్పు నిజమే, సిద్ధపడుటకు సుమారు పదేండ్ల వ్యవధి కలదు అని తేల్చెను. కనుక వారికి తెలియకపోలేదు. ఎప్పుడు అన్నదియు తెలియును.

చిక్కు వేరొకచోట నున్నది. కోడక్ లాభము కెమేరాలో లేదు. ఫిలిములో, దానిని కడుగు రసాయనములలో, అచ్చువేయు కాగితములో నున్నది. కెమేరా ఒకసారి కొనునది, ఫిలిము ప్రతి పండుగకు కొనునది. డిజిటల్ కెమేరా అమ్మిన ప్రతిసారి తన గిరాకీదారు ఒకడు ఫిలిము మానివేయుటకు తానే తోడ్పడినట్లగును. 1989లో సాసన్, రాబర్ట్ హిల్స్ కలిసి మెమొరీ కార్డుతో పనిచేయు పండ్రెండు లక్షల చుక్కల కెమేరా సిద్ధము చేసినప్పుడు విక్రయశాఖ దానిని ముందుకు పోనీయలేదు. ఈస్ట్‌మన్ చుట్టఫిలిమునకు మారినప్పుడు పాత వ్యాపారము పోయినను క్రొత్త వ్యాపారములో లాభము హెచ్చెను. ఇక్కడ క్రొత్త వ్యాపారములో లాభము తగ్గును. రెండు నిర్ణయములు చూచుటకు ఒక్క తీరుగా నున్నను లెక్క తలక్రిందులు. దీనిని విస్మరించి వారిని తెలివితక్కువవారని అనుట న్యాయము కాదని మా అభిప్రాయము.

అందరికంటె ముందు ఫిలిము విడిచినవారు వ్యాపారులు గారు, పత్రికలవారు గారు, ఖగోళ శాస్త్రజ్ఞులు. ఇక్కడను హైదరాబాదు ప్రసక్తి కలదు. నవాబు జఫర్‌జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల, ఆకాశమునంతటిని గాజుపలకలపై చిత్రించు అంతర్జాతీయ ప్రణాళికలో పాలుపంచుకొని, బేగంపేటలో పలకలు తీసి, ఒక్కొక్క నక్షత్రపు స్థానమును కొలిచి, సంపుటములుగా అచ్చువేసినది. కొన్ని లక్షల నక్షత్రములు. ఏండ్ల తరబడి చేతిపని. అంతటి పలకకు ఒక పెద్ద లోపము కలదు. దానిపై వంద కాంతికణములు పడినచో గుర్తింపబడునవి రెండో మూడో. సీసీడీ సగమునకు పైగా గుర్తించును. కోట్ల సంవత్సరములు ప్రయాణించి వచ్చిన వెలుతురులో నూటికి తొంబదియేడు పాళ్లు పారబోయుట ఎవరికి సమ్మతము? 1976లోనే అరిజోనాలో సీసీడీతో యురేనస్ గ్రహమును చిత్రించిరి. 1990లో అంతరిక్షమునకు పోయిన హబుల్ దూరదర్శినిలో ఫిలిము లేనే లేదు. ఐనను ఒక విశేషము. విశాలమైన ఆకాశభాగమును ఒక్క దెబ్బకు తీయవలసినప్పుడు చిన్న సిలికాన్ బిళ్ల చాలదు గనుక, పాలోమార్ కొండ మీది రెండవ ఆకాశ సర్వేక్షణము 1980ల నడుమ మొదలై 1990లన్నియు గాజుపలకల మీదనే నడచినది. ఒకే కొండపై, ఒకే విద్యలో, ఒక గదిలో పలక, ప్రక్క గదిలో బిళ్ల!

పత్రికలవారి లెక్క గడియారముతో. ఆట ముగిసినది రాత్రి పదింటికి, పత్రిక అచ్చుకు పోవునది పదునొకండింటికి అనుకొనుడు. ఆ గంటలో ఫిలిము కడిగి, ఆరబెట్టి, ఏరి, తంతిమీద పంపవలెను. పరదేశములకు పోయిన పత్రికా ఛాయాగ్రాహకులు హోటలు స్నానపు గదులనే చీకటిగదులుగా చేసికొనెడివారు. 1991లో కోడక్ సంస్థ నికాన్ ఎఫ్-3 కెమేరాకు తన బిళ్లను తగిలించి డీసీఎస్ అను పేర అమ్మినది. పదమూడు లక్షల చుక్కలు. బొమ్మలను దాచు డిస్కు పెట్టెను భుజమునకు వేరుగా తగిలించుకొని తిరుగవలెను. వెల ఇరువది వేల డాలర్ల మాట. ఆ సొమ్ముతో ఒక సాధారణ స్టూడియో పూర్తిగా అమర్చుకొనవచ్చును. కాని పెద్ద వార్తాసంస్థకు అది పెద్ద సొమ్ము కాదు, గంట ముందు బొమ్మ చేరుటయే పెద్ద. 1994లో అసోసియేటెడ్ ప్రెస్ కొరకు ప్రత్యేకముగా ఇట్టి కెమేరా చేయించిరి. 1999లో నికాన్ డీ-1 వచ్చినది. ఇరువదియేడు లక్షల చుక్కలు, వెల అయిదారు వేల డాలర్లకు దిగినది. అప్పటి నుండి పత్రికా కార్యాలయములలో చీకటిగదులు సామానుల గదులైనవి. బొమ్మ నాణ్యములో ఫిలిము అప్పటికిని మిన్నయే. న్యూస్‌ప్రింటు కాగితముపై ఆ మేలు కనబడదు, అంతే. అచ్చు నాణ్యమే ప్రాణముగా గల నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక పూర్తిగా డిజిటల్‌తో తీసిన వ్యాసమును 2003 చివర గాని ప్రచురింపలేదు.

ఇక మన ఊళ్ల స్టూడియోలు. వీరి సంగతి చరిత్రకారులు తలపెట్టుట అరుదు గనుక కొంచెము నిలిచి చెప్పుదుము. మన జిల్లా పట్టణములలో 1990ల స్టూడియో యజమాని అనగా పాస్‌పోర్టు ఫోటోలు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, శుభకార్యములు. వీనిలో అన్నమున కాధారము పెండ్లి. పెండ్లి మరల జరుగదు. తాళి కట్టు క్షణములో కెమేరా మొరాయించినచో ఫోటోగ్రాఫరు ఆ ఊరిలో తలయెత్తుకొనలేడు. రీలుకు ముప్పదియారు బొమ్మలు. మేళము ఉధృతి చూచి, పురోహితుని చేయి చూచి, రీలులో ఇంకెన్ని మిగిలినవో మనసులో లెక్కపెట్టుకొనుచు నిలిచెడివాడు. అది ఒక విద్య. క్రొత్త కెమేరా ఈ లెక్కను తొలగించినది గాని, క్రొత్త భయమును తెచ్చినది. కార్డు చెడిన పెండ్లంతయు పోవును. రీలు చెడిన ముప్పదియారు మాత్రమే పోవును.

అంతకంటె పెద్ద చిక్కు మధుపర్కములు. తెల్లని నూలు బట్ట, సన్నని ఎర్ర అంచు, పైన వీడియోవారి దీపపు వెలుగు. కలరు నెగెటివు ఫిలిము వెలుతురు కొంత ఎక్కువైనను ఓర్చుకొనును. అచ్చువేయునప్పుడు బట్ట నేత, ముడత తిరిగి రాబట్టవచ్చును. తొలినాటి డిజిటల్ కెమేరాకు ఆ ఓర్పు లేదు. బొక్కెన నిండిన తరువాత నీరు పొర్లిపోయినట్లు, తెలుపు ఒక మేర దాటగానే అంతయు ఒకే తెల్లని మచ్చ. దానిని ఏ ఉపాయమునను తిరిగి తేలేరు. పెండ్లికుమార్తె ముఖము చక్కగా వచ్చి, చీర తెల్లకాగితము వలె వచ్చిన బొమ్మను పెద్దలకు ఎట్లు చూపవలెను? కనుక అనుభవజ్ఞులు కొన్నేండ్లు రెండు కెమేరాలతో తిరిగిరి. ముఖ్యఘట్టములకు ఫిలిము, విందు, ఊరేగింపులకు డిజిటల్. వీరిని ఛాదస్తులని యువకులు పరిహసించిరి గాని, వీరు చేసినదే వివేకమని మేమందుము.

వీరిని తుదకు మార్చినది కెమేరా కాదు, లాబు. 1990ల చివర వచ్చిన డిజిటల్ మినీలాబు యంత్రము ఫిలిమునైనను చదివి, కార్డునైనను చదివి, ఒకే కాగితముపై లేజరుతో అచ్చువేయును. అట్టి యంత్రమున్న పట్టణములో ఫోటోగ్రాఫరు మారినను నష్టము లేదు, మారకున్నను నష్టము లేదు. దానికి తోడు పుటలు పుటలుగా బొమ్మలను కలిపి కూర్చిన కరిష్మా ఆల్బములు వచ్చినవి. పెండ్లివారు వాటినే అడుగజొచ్చిరి. అతికింపు ఆల్బము పాతబడినది. 2003లో కానన్ సంస్థ మార్చుకొను కటకములు గల అరువదిమూడు లక్షల చుక్కల కెమేరాను వేయి డాలర్లకు లోపు వెలకు అమ్మగానే, మిగిలిన సందేహమును ధర తీర్చినది. ఈ మార్పులో నలిగిపోయినవాడు నెగెటివుపై పెన్సిలుతో ముఖపు మచ్చలు దిద్దెడి రీటచింగు పనివాడు, చీకటిగదిలో ఎర్రదీపము క్రింద జీవితము గడపిన ప్రింటరు. వారిలో కొందరు కంప్యూటరు ముందు కూర్చొని అదే పని నేర్చిరి. నడివయసు దాటినవారిలో చాలమంది నేర్వలేదు.

ఫిలిము కర్మాగారముల కథలో భారతదేశమునకును ఒక అధ్యాయమున్నది. 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ఉదకమండలములో 1967లో ఉత్పత్తి మొదలిడినది. ధూళి లేని చల్లని గాలి ఫిలిమునకు కావలెను గనుక నీలగిరులను ఎంచుకొనిరి. ‘ఇందు’ పేర వచ్చిన ఆ నలుపు తెలుపు ఫిలిము మన దేశములోని స్టూడియోలకు, ఎక్స్-రే గదులకు పరిచితము. డిజిటల్ దానిని చంపినదని చెప్పుట వాడుక. నిజమునకు పాలియెస్టరు ఎక్స్-రే ఫిలిము కొరకు తలపెట్టిన పెద్ద పథకపు ఋణములు, 1990లలో దిగుమతులకు తలుపులు తెరచుకొనుట దానిని అప్పటికే కుంగదీసినవి. ఆ దశకములోనే అది రోగగ్రస్త పరిశ్రమల పట్టికకు ఎక్కినది. డిజిటల్ వచ్చునప్పటికి అది మంచము మీద నున్నది.

లోకములో రంగు ఫిలిము గిరాకీ 2000 సంవత్సరములో శిఖరమును చేరి, అటుపై కొండ చరియ విరిగినట్లు పడినది. పదేండ్లలో పదియవ వంతునకు దిగినది. ఈ పతనపు వేగమును ఎవరును ఊహింపలేదు. దిశను ఊహించినవారు కూడ వేగమును ఊహింపలేదు. 2004 జనవరిలో అమెరికా, ఐరోపా దేశములలో ఫిలిము కెమేరాల అమ్మకము ఆపుచున్నట్లు కోడక్ ప్రకటించినది. 2006 జనవరిలో నికాన్ తన ఫిలిము కెమేరాలలో రెండు తప్ప తక్కినవన్నియు విరమించినది. అదే నెలలో కొనికా మినోల్టా కెమేరా వ్యాపారమునే వదలినది. 1980లలో సుమారు లక్షా నలుబదియైదు వేల మందికి పనిచ్చిన కోడక్ 2012 జనవరి 19న దివాలా రక్షణ కోరినది. జపాను ఫూజీ సంస్థ అదే తుపానులో నిలిచినది. ఫిలిము పూతలకై నేర్చిన రసాయన విద్యను టెలివిజను తెరల పొరలకు, మందులకు, ముఖమునకు రాసికొను లేపనములకు మళ్లించినది. ఫిలిములో జెలటిన్ ఉన్నది, చర్మములో కొలాజెన్ ఉన్నది, రెండును ఒకే జాతి. అధ్యక్షుడు షిగెటకా కొమోరి తెచ్చిన ఈ మార్పును తరచుగా కొనియాడుదురు. కొనియాడవలసినదే, కాని ఆ యేర్పాటులో వేలమంది ఫిలిము ఉద్యోగులు తొలగింపబడిరన్నదియు అందులో భాగమే.

ముందు గుర్తుంచుకొనుమన్న గాజుపలకల మాటకు వత్తము. మారవలసినది ఎప్పుడన్న లెక్కలో తీయుట, అచ్చువేయుట, పంపుట అందరును లెక్కించిరి. దాచుట మాత్రము కొద్దిమందియే లెక్కించిరి. అమెరికా చలనచిత్ర అకాడమీ 2007లో వెలువరించిన నివేదిక ప్రకారము ఒక చలనచిత్రపు ఫిలిము మూలప్రతిని ఒక సంవత్సరము భద్రపరచుటకు వేయి డాలర్లకు కొంచెము పైన, డిజిటల్ మూలప్రతిని భద్రపరచుటకు పండ్రెండు వేల అయిదు వందల డాలర్లు వ్యయమగును. డిస్కులను ఏండ్ల కొలది మార్చుచు, ఎక్కించుచు ఉండవలెను. ఫిలిము మాత్రము అమృతము త్రాగినదా అన్న, అదియు కాదు. 1921 నాటి తెలుగువారి మూగచిత్రము ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు ఎక్కడను లేదు. ఆనాటి నైట్రేటు ఫిలిము తనకు తానే క్షీణించును, అంటుకొన్న ఆర్పుట కష్టము. ఐనను మన ఇండ్లలో 1990ల పెండ్లి నెగెటివులు కవరులో అట్లే యున్నవి. 2004 నాటి పెండ్లి సీడీలు ఎన్ని ఇండ్లలో తెరచుకొనుచున్నవో మీరే చూచుకొనవచ్చును. మొదటి డిజిటల్ కెమేరాలు కొనినవారు తమ బిడ్డల బాల్యమును రెండు మూడు లక్షల చుక్కలతో తీసి, వానిలో పెక్కింటిని చెడిన కంప్యూటర్లతో పారవేసిరి. అయిదేండ్లు ఆగినవారు ఈ విషయములో అదృష్టవంతులు.

అందరికిని నిర్ణయించుకొను అవకాశమైనను దక్కలేదు. 1935లో వచ్చిన కోడక్రోము అను రంగు ఫిలిమును ఎందరో తమ జీవితకాలపు ఫిలిముగా ఎంచుకొనిరి. దానిలో రంగు ఫిలిమునందుండదు. కడుగునప్పుడే, పెక్కు మెట్లలో, ప్రత్యేక రసాయనములతో ఎక్కవలెను. ఆ పని ఇంటి చీకటిగదిలో సాధ్యము కాదు. 2009లో కోడక్ దాని తయారీ ఆపినది. స్టీవ్ మెక్‌కరీ కర్మాగారము నుండి వచ్చిన చివరి చుట్టను తీసికొని, అందు కొంత భాగమును మన దేశములో ఖర్చు చేసెను. అప్పటికి ఆ ఫిలిమును కడుగు లాబు లోకమంతటను ఒక్కటే మిగిలినది, కాన్సస్ రాష్ట్రములో పార్సన్స్ అను చిన్న ఊరిలో. రసాయనములు అయిపోవచ్చినవి గనుక 2010 డిసెంబరు 30 లోపు చేరిన చుట్టలనే తీసికొందుమని వారు ప్రకటించిరి. చివరి దినములలో ఎక్కడెక్కడి నుండియో టపాలో చుట్టలు వచ్చి పడినవి. కొందరు కారులలో స్వయముగా తెచ్చి ఇచ్చిరి. గడువు దాటిన తరువాత బీరువా సొరుగులలో దొరకిన కోడక్రోము చుట్టలను నేడు కడిగించినను నలుపు తెలుపులుగానే వచ్చుచున్నవి.